చలికాలంలో కిటికీలు కడిగే వ్యాన్: హీటరా, ఖాళీ చేయడమా, బకెట్టా?

వ్యాన్ వెనక తలుపు తీసేసరికి రెజిన్ హౌసింగ్ (నీళ్లను శుద్ధి చేసే రెజిన్ గుళికలుండే డబ్బా) మీద వెంట్రుకంత సన్నని గీత కనిపించింది. పైనుంచి కింద దాకా ఉంది, తడిమితే గోరుకు తగిలింది. అప్పటికి చుక్క కూడా కారడం లేదు. లోపల అంతా మంచు ముద్ద, ఇక కారడానికి ఏముంది? పది గంటలకు ఎండ తగిలి ముద్ద కరిగాక ఆ గీత వెంబడి నీళ్లు చిమ్మడం మొదలైంది. పక్కనే ట్యాంకులో ఉన్న 400 లీటర్లకు మాత్రం ఏమీ కాలేదు, పైన కాగితం మందాన ఒక పొర కట్టింది, అంతే.

నష్టమంతా నేను పడుకున్న గంటల్లో జరిగిపోయింది. అందుకే చలికాలానికి ఏ ఏర్పాటు మంచిదని ఎవరైనా అడిగితే, హీటర్ల సంగతి ఎత్తకముందే నేను అడిగే ప్రశ్న ఒకటుంది: మీ వ్యాన్ రాత్రి ఎక్కడ ఉంటుంది? దీనికి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

## ముందు తేల్చుకోవాల్సినవి

రాత్రి మకాం. రోడ్డు పక్కన నిలిపే వ్యాన్ ఒక రకం. ఇంటి గోడ పక్కన, కరెంటు వైరు అందే చోట ఉండేది ఇంకో రకం. షట్టర్ దించే షెడ్డులో ఉండేది మూడో రకం. ఈ మూడింటికీ సలహా ఒకటే కాదు. రోడ్డు పక్కన వ్యాన్ పెట్టేవాళ్లు కరెంటు హీటర్ల గురించి చదవడం కూడా దండగే.

మీ చలి తీరు. రాత్రి మైనస్ 2కి దిగి, మధ్యాహ్నానికి 5 డిగ్రీలకు ఎక్కే చోట వ్యాన్‌ను రాత్రిపూట కాపాడుకుంటే చాలు. పగలు కూడా వారాల తరబడి సున్నా దాటని చోట, కడుగుతుండగానే గాజు మీద నీళ్లు గడ్డకడతాయి. అక్కడ ఎంత ఖరీదైన హీటర్ కొన్నా పోల్ పని (వ్యాన్ పంపు తోసే నీళ్లతో, చివర బ్రష్ ఉన్న పొడవాటి కర్రతో కింద నుంచే కడగడం) సాగదు.

దీన్ని ఊహించి చెప్పొద్దు. అతి తక్కువ, అతి ఎక్కువ రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి తెచ్చి, వ్యాన్‌లో పంపు పక్కన, నేలకు దగ్గరగా పెట్టండి. రెండు వారాలు రోజూ ఉదయం చూసి రాసుకోండి. వాతావరణ సూచన బయటి గాలి గురించి చెబుతుంది, మనకు కావాల్సింది పంపు చుట్టూ ఉన్న గాలి సంగతి. చల్లటి రాత్రుల్లో కూడా లోపల 3 డిగ్రీల కిందికి దిగలేదంటే మీకు హీటరే అక్కర్లేకపోవచ్చు.

ఎవరి కిటికీలు. వారం వారం కడిగే దుకాణాల అద్దాలు ఎక్కువా, నెలకోసారి వెళ్లే ఇళ్లు ఎక్కువా, పై అంతస్తుల పని ఎంత? నేల మీద నిలబడి చేతికందే పని ఎక్కువైతే బకెట్, స్క్వీజీ (అద్దం మీది నీళ్లు లాగే రబ్బరు పట్టీ)తో కడగడానికి మొగ్గు పెరుగుతుంది.

బరువు, బ్యాటరీ. 500 లీటర్లంటే అర టన్ను. నిండు ట్యాంకు నెమ్మదిగా చల్లబడుతుంది కాబట్టి రాత్రికి అదే మేలు. ఉదయం జారే రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఆ అర టన్నే మనల్ని ముందుకు తోస్తుంది. మరోవైపు పంపును నడిపే లెడ్ యాసిడ్ బ్యాటరీ సున్నా దగ్గర తన సామర్థ్యంలో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. లిథియం అయితే సున్నా కింద ఛార్జింగ్ పెట్టకూడదు, లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది.

## ఏది ముందు గడ్డకడుతుంది

ట్యాంకు గురించి బెంగ పెట్టుకుని పైపును మర్చిపోవడం అందరూ చేసే పొరపాటే. నేనూ చేశాను.

సున్నా డిగ్రీల నీళ్లు పూర్తిగా మంచు కావాలంటే, అవే నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి పట్టేంత వేడి బయటికి పోవాలి. 500 లీటర్లకు లెక్కగడితే అది 46 కరెంటు యూనిట్ల పైనే. ఒక్క రాత్రిలో అంత వేడి పోవడం కష్టం. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లున్న 100 మీటర్ల పైపులో ఉండేది మాత్రం 3 లీటర్ల లోపు నీళ్లే, అదీ సన్నని దారంలా పరుచుకుని. పంపు తలలో ఉండేది ఇంకా తక్కువ, పోల్ దగ్గరి కనెక్టర్‌లో నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలే ముందు గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు నీళ్లు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పైపయితే కాస్త సాగి ఓర్చుకుంటుంది గానీ ఇత్తడి కనెక్టర్, ప్లాస్టిక్ హౌసింగ్ ఓర్చుకోవు.

కాబట్టి ఏ ఏర్పాటునైనా ఒకే ప్రశ్నతో తూచండి: ఇది పంపునీ ఫిల్టర్లనీ పైపునీ కాపాడుతుందా, ట్యాంకును మాత్రమేనా?

## రోజూ ఖాళీ చేయడం

రోడ్డు పక్కన వ్యాన్ పెట్టేవాళ్లకు ఇదే దారి. కొనాల్సిందేమీ లేదు, కరెంటూ అక్కర్లేదు. కావాల్సింది ప్రతి సాయంత్రం పావుగంట. ఒళ్లు అలిసిపోయి చేతులు కొంకర్లు పోయిన ఆ వేళ పావుగంట తీయడం ఎంత కష్టమో చేసేవాళ్లకే తెలుసు. చేయని ఒక్క రోజే చలి విరుచుకుపడుతుంది.

ముందు ట్యాంకు కుళాయి కట్టేయాలి. పంపుకు వచ్చే పైపు ఊడదీసి, పోల్ చివర కుళాయి తెరిచి, గాలి వచ్చేదాకా పంపు నడపాలి. డయాఫ్రం పంపు (లోపలి రబ్బరు పొర కదలికతో నీళ్లు తోసేది) కాసేపు నీళ్లు లేకుండా తిరిగినా పాడవదు. చిన్న కంప్రెసర్ ఉంటే తక్కువ ఒత్తిడితో పైపులోకి గాలి కొట్టాలి. మిగిలిన నీళ్లు పైపు చుట్టే రీలు అడుగు చుట్లలో చేరతాయి, వాటిని వదిలితే తెల్లారి రీలు కడ్డీలా బిగుసుకుంటుంది. తర్వాత కనెక్టర్లన్నీ విడదీసి, నోళ్లు కిందికి ఉండేలా వేలాడదీయాలి. చివరగా రెజిన్ హౌసింగ్, ఆర్వో మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే సన్నని పొరల ఫిల్టర్) హౌసింగ్ విప్పి ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఈ రెండింటినీ ఎంత వంచినా లోపలి తేమ పోదు. గడ్డకట్టి కరిగితే రెజిన్ గుళికలు పగలవచ్చు, మెంబ్రేన్ పొరలు చిరగవచ్చు.

రోజూ వాటిని విప్పడం విసుగైతే, నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఫిల్టర్లను వ్యాన్‌లోంచి పూర్తిగా తీసేయండి. ఆర్వో, రెజిన్ ఇంట్లోనో గోడౌన్‌లోనో వెచ్చగా ఉంచి, శుద్ధి చేసిన నీళ్లనే ట్యాంకులో నింపుకుని వెళ్లండి. వ్యాన్‌లో ట్యాంకు, పంపు, రీలు మాత్రమే మిగులుతాయి. ఖాళీ చేసే పని ఐదు నిమిషాలకు దిగుతుంది, బరువూ తగ్గుతుంది.

నీళ్లు చల్లబడేకొద్దీ ఆర్వో నెమ్మదిస్తుందని గుర్తుంచుకోండి. 25 డిగ్రీల దగ్గర ఇచ్చే నీళ్లలో 5 డిగ్రీల దగ్గర దాదాపు సగమే ఇస్తుంది. రాత్రి పడుకునే ముందు నింపడం మొదలుపెట్టే అలవాటున్నవాళ్లు చలికాలంలో సాయంత్రమే మొదలుపెట్టాలి.

## వ్యాన్ మొత్తాన్ని వెచ్చగా ఉంచడం

ఇంటి పక్కన ప్లగ్ పాయింట్ అందే భాగ్యం ఉంటే నా ఓటు దీనికే. 500 వాట్ల ట్యూబ్ హీటరో, చిన్న ఆయిల్ రేడియేటరో వ్యాన్ నేల మీద పంపు దగ్గర బిగించి, థర్మోస్టాట్ 5 డిగ్రీల దగ్గర పెడితే చాలు. రాత్రి 12 గంటలూ ఆగకుండా నడిచినా 6 యూనిట్లు. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి నిజానికి అంత కాలదు. పంపు, ఫిల్టర్లు, రీలు, ట్యాంకు అన్నీ ఒకేసారి కాపాడబడతాయి. మిగతా ఏ ఏర్పాటుకూ లేని గుణం ఇది.

వ్యాన్ గోడలకు, తలుపులకు ఇన్సులేషన్ షీటు అంటిస్తే హీటర్ తక్కువ నడుస్తుంది. హీటర్ లేకుండా ఇన్సులేషన్ ఒక్కటే వేసి ధీమాగా ఉండకండి. దుప్పటి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని కాసేపు నిలుపుతుంది, అంతే. రెండు రాత్రులు వరసగా చలి పట్టిందంటే లోపలా బయటా ఒకటే.

తడి వ్యాన్‌లోకి కరెంటు తెస్తున్నామన్న భయం మాత్రం ఉండాలి. ఆరుబయట వాడే వైరే వాడండి, లీకేజీకి తెగే బ్రేకర్ ఉన్న పాయింట్ నుంచే లాగండి. కాయిల్ బయటికి కనిపించే ఫ్యాన్ హీటర్ వద్దు, వ్యాన్‌లో గుడ్డలుంటాయి, స్పిరిట్ సీసాలుంటాయి. గ్యాస్ స్టవ్‌తోనో, పొగ గొట్టం లేని మంట హీటర్‌తోనో మూసిన వ్యాన్‌ను వెచ్చబరచాలని ఎప్పుడూ చూడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

షెడ్డు ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి. షెడ్డులో రాత్రి ఉష్ణోగ్రత ఎలాగూ మెల్లగా దిగుతుంది కాబట్టి హీటర్‌కు పని ఇంకా తక్కువ.

## ట్యాంకులో ఇమ్మర్షన్ హీటర్

వెచ్చటి నీళ్లతో బయల్దేరడం హాయిగానే ఉంటుంది. పైపు మెత్తగా ఉంటుంది, బ్రష్ కుచ్చులు బిగుసుకోవు. కానీ లెక్క చూడండి. 500 లీటర్లను 5 నుంచి 40 డిగ్రీలకు కాచాలంటే సుమారు 20 యూనిట్లు కావాలి. 3 కిలోవాట్ల హీటర్‌తో దాదాపు ఏడు గంటలు. అంత చేసినా అది కాపాడేది ట్యాంకునే. పంపు, పైపు చలిలో అలాగే ఉంటాయి. ట్యాంకేమో ఎలాగూ ఆఖరున గడ్డకట్టేది!

అందువల్ల దీన్ని రాత్రి రక్షణ కోసం కొనొద్దు, పగటి సౌకర్యం కోసమైతే కొనండి. కాయిల్ ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి, మట్టం తగ్గితే తనంతట ఆగే ఏర్పాటు ఉండాలి. కాచిన నీళ్లు మెంబ్రేన్ గుండా పోకూడదు, మామూలు ఆర్వో మెంబ్రేన్‌కు 45 డిగ్రీలే హద్దు. కాచడం ఎప్పుడూ శుద్ధి తర్వాతే. మూసిన వ్యాన్‌లో వెచ్చటి ట్యాంకు ఆవిరి వదులుతుంది, అది పైకప్పుకు పట్టి వైర్ల మీద బొట్టు బొట్టుగా రాలుతుంది. ట్యాంకు మూత బిగుతుగా ఉండాలి, వ్యాన్‌కు గాలి ఆడే సందు ఒకటి ఉండాలి.

## డీజిల్‌తో నడిచే వేడినీళ్ల యూనిట్

ఎక్కువమంది ఆశపడేది దీనికే. 5 కిలోవాట్ల యూనిట్, నిమిషానికి 2 లీటర్ల ధార మీద నీళ్లను 35 డిగ్రీల దాకా పెంచగలదు. అంటే 5 డిగ్రీల ట్యాంకు నీళ్లు యూనిట్ దాటేసరికి 40. గంటకు అర లీటరుకు కాస్త పైన డీజిల్ తాగుతుంది. పక్షి రెట్టలు, జిడ్డు త్వరగా వదులుతాయి. పోల్ పట్టుకున్న చేతికి ఆ వెచ్చదనం అందకపోయినా, రీలు చుట్టేటప్పుడు పైపు మెత్తగా లొంగడం ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

ఇబ్బంది ఏమిటంటే, ఈ యూనిట్ లోపలి కాయిల్‌లోనూ నీళ్లుంటాయి. రాత్రి దాన్ని వదిలేస్తే వ్యాన్‌లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువే ముందు పగులుతుంది. అంటే ఇది కొన్నాక కూడా ఖాళీ చేయడమో, వ్యాన్‌ను వెచ్చగా ఉంచడమో తప్పదు. ఈ మాట అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు. పొగ గొట్టం వ్యాన్ బయటికే పోవాలి, పని తెలిసినవాళ్లే బిగించాలి, లోపల మోనాక్సైడ్ అలారం ఉండాలి.

గాజు సంగతి కూడా చూసుకోవాలి. మామూలు గాజు తన ఒక భాగానికీ ఇంకో భాగానికీ 40 డిగ్రీల తేడా వస్తే పగిలే ప్రమాదం ఉంది, అంచు చిట్లి ఉంటే అంతకన్నా తక్కువకే. పైపులో వచ్చేసరికి నీళ్లు చాలా చల్లారతాయి కాబట్టి సాధారణంగా ఏమీ కాదు. అయినా మంచు పట్టిన అద్దం మీద పొగలు కక్కే నీళ్లు పెట్టకండి, గోరువెచ్చగా చాలు.

## బకెట్, స్క్వీజీ

కొంతమంది దీన్ని వెనకడుగు అనుకుంటారు. నేను అనుకోను. గడ్డకట్టే రోజుల్లో పోల్ కన్నా బకెట్ మేలనిపించడానికి పెద్ద కారణం నేల. పోల్ నిమిషానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోస్తుంది. ఒక ఇంటి దగ్గర 20 నిమిషాలు కడిగితే 30, 40 లీటర్లు గోడ వెంట దిగి నడిచే దారి మీద, మెట్ల మీద పరుచుకుంటాయి. సాయంత్రానికి అది అద్దంలాంటి మంచు. ఆ ఇంటి పెద్దావిడ చెత్త డబ్బా పెట్టడానికి బయటికి వచ్చే దారి అదే. బకెట్‌తో అదే ఇల్లు నాలుగైదు లీటర్లలో అవుతుంది, అదీ ఎక్కువభాగం గుడ్డలోకే పోతుంది.

బకెట్ నీళ్లలో స్పిరిట్ కలిపితే చలికి ఆగుతుంది. ఆల్కహాల్ పరిమాణంలో పదో వంతు ఉంటే సుమారు మైనస్ 4 దాకా, ఐదో వంతు ఉంటే మైనస్ 9 దాకా గడ్డకట్టదు. ఇది బకెట్‌కే, ట్యాంకులో పోసేది కాదు. ట్యాంకులో కారు యాంటీఫ్రీజ్ లాంటివి పోయాలన్న ఆలోచనే వద్దు. గాజు మీద మరకలు మిగులుతాయి, నేల మీద పడితే పెంపుడు జంతువులకు విషం. స్క్వీజీ రబ్బరు చలికి గట్టిపడి చారలు వదులుతుంది, ఈ మూడు నెలలూ మెత్త రబ్బరు వేసుకోండి.

ఇంకో సూక్ష్మం: రెండు మూడు పొరల గాజు ఉన్న కిటికీల్లో ఇంటి వెచ్చదనం బయటి పొర దాకా రాదు, తడి అక్కడ త్వరగా గడ్డకడుతుంది. పాత దుకాణాల ఒంటి పొర అద్దాలకు లోపలి వేడి తగులుతుంది కాబట్టి అదే చలిలో ఇంకాసేపు పని సాగుతుంది. ఉదయం దుకాణాలు, ఎండ వచ్చాక ఇళ్లు అని వరస మార్చుకుంటే రోజులో రెండు గంటలు కలిసొస్తాయి.

పై అంతస్తులు మాత్రం బకెట్‌తో కాదు. మంచు పట్టిన నేల మీద నిచ్చెన వేయాల్సి వస్తే ఆ పని వాయిదా వేయండి.

## ఒక్క చూపులో

| ఏర్పాటు | ఎలాంటి మకాంకు | రాత్రి దేన్ని కాపాడుతుంది | రోజువారీ శ్రమ | చూసుకోవాల్సింది |
|---|---|---|---|---|
| ఖాళీ చేయడం | ఎక్కడైనా | పంపు, పైపు, ఫిల్టర్లు (విప్పి తెస్తే) | ఎక్కువ | ఒక్క రోజు మరిచినా నష్టం |
| వ్యాన్ హీటర్ | ప్లగ్ పాయింట్ లేదా షెడ్డు | అన్నిటినీ | దాదాపు లేదు | తడిలో కరెంటు, కరెంటు పోయిన రాత్రి |
| ట్యాంకు హీటర్ | ప్లగ్ పాయింట్ | ట్యాంకునే | తక్కువ | పంపు, పైపు విడిగా చూసుకోవాలి |
| డీజిల్ యూనిట్ | ఎక్కడైనా, విడి రక్షణతో | తనంతట తాను దేన్నీ కాపాడదు | మధ్యస్థం | పొగ, కాయిల్, ఖర్చు |
| బకెట్ | ఎక్కడైనా | కాపాడాల్సిందే లేదు | తక్కువ, పగటి పని నెమ్మది | పై అంతస్తులు కుదరవు |

## ఎవరికి ఏది

ఒక్కరే పని చేస్తూ రోడ్డు పక్కన వ్యాన్ పెట్టేవాళ్లయితే: ఫిల్టర్లు ఇంటికి మార్చండి, జారే రోడ్డు కోసం ట్యాంకు సగమే నింపండి, సాయంత్రం పంపూ పైపూ ఖాళీ చేయండి. పగలు సున్నా దాటని రోజులకు బకెట్ సిద్ధంగా ఉంచుకోండి.

ప్లగ్ పాయింట్ ఉండి, ఎక్కువగా ఇళ్లే కడిగేవాళ్లు థర్మోస్టాట్ హీటర్, ఇన్సులేషన్‌తో మొదలుపెట్టండి. ఒక చలికాలం గడిచాక కూడా వేడినీళ్లు కావాలనిపిస్తే అప్పుడు డీజిల్ యూనిట్ గురించి ఆలోచించండి. మొదటి ఏడాదే కొన్నవాళ్లకు తమ అసలు ఇబ్బంది ఏమిటో ఇంకా తెలిసి ఉండదు. కరెంటు పోయిన రాత్రి కోసం ఖాళీ చేసే పద్ధతి కూడా చేతికి అలవాటై ఉండాలి.

నెలల తరబడి పగలు కూడా గడ్డకట్టే చోట ఉన్నవాళ్లకు రెండే దారులు. దుకాణాలు, ఆఫీసుల లోపలి అద్దాల పని వెతుక్కోవడం ఒకటి, వ్యాన్ ఆపేయడం రెండోది. ఆపేస్తే మెంబ్రేన్‌ను ఎండనివ్వకండి, గడ్డకట్టనివ్వకండి. 1 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీళ్లలో తడిగా ఉంచి, మూత బిగించి ఇంట్లో పెట్టండి. రెజిన్ కూడా తడితోనే మూట కట్టి లోపలే ఉంచాలి. తిరిగి మొదలుపెట్టిన రోజు టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) చూడండి. మెంబ్రేన్ దాటిన నీళ్ల రీడింగ్, ఆపేముందు రాసుకున్న దానికన్నా బాగా పెరిగిందంటే పొర చిరిగి ఉండొచ్చు, అలా అయితే రెజిన్ వృథాగా ఖర్చవుతుంది.

ఎక్కడున్నా సరే, చలి మొదలవకముందే ఖాతాదారులకు ఒక మాట చెప్పి ఉంచండి: గడ్డకట్టే రోజున రాలేం, ఆ వారంలోనే ఇంకో రోజు వస్తాం అని. ముందే తెలిసినవాళ్లు సర్దుకుంటారు, చెప్పకుండా ఎగ్గొడితే ఇంకొకరిని పిలుచుకుంటారు. వ్యాన్‌లో ఒక బస్తా ఉప్పో ఇసుకో కూడా ఉండాలి. తడిసిన మెట్టు మీద చల్లి, అద్దం దిగువన పడకుండా చూసుకుని బయల్దేరండి. మొక్కల పక్కన, రాతి పలకల మీద అయితే ఇసుకే మేలు.

రెండు వ్యాన్లు ఉన్నవాళ్లకు ఎంపిక సులువు. ఒకదాన్ని హీటర్‌తో వెచ్చటి చోట పోల్ పనికి ఉంచండి. రెండోదాని ట్యాంకు చలికాలం మొత్తం ఖాళీ చేసి బకెట్లు, మెత్త రబ్బర్లు, ఉప్పు బస్తాలు ఎక్కించండి. ఉదయం ఆరింటికి థర్మామీటర్ చూసి ఏ వ్యాన్ ఏ వీధికో చెప్పేయొచ్చు.